నిలువు మల్లన్న మొక్కు

లింగం వంశంలో ఏడు తరాలుగా ఒక్క మగవాడు కూడా రోగంతో చావలేదు. కావాలంటే ఎల్లారెడ్డిలో ఎవరినైనా అడగండి. జ్వరంతో మంచం పట్టినవాడు లేడు, దగ్గుతో మూలకు చేరినవాడు లేడు, దవాఖాన గడప తొక్కినవాడు అసలే లేడు. ఆ ఇంటి మగవాళ్లు ఎదురుపడితే రోగమే దండం పెట్టి పక్క సందులోంచి పోయేదట.

మరి ఎట్లా చచ్చారు అంటారా? తాత ఎండదెబ్బకు పోయాడు. ఆ ఎండదెబ్బ ఆరు నెలలు దగ్గించి, నెత్తురు కక్కించి, చివరకు మాఘమాసపు చలిలో తగిలింది. పెదనాయన చింతచెట్టు మీంచి పడి పోయాడు. కడుపులో బల్ల పెరిగి, కళ్లు తిరుగుతున్నాయని చెట్టెక్కేముందు ఎవరికీ చెప్పలేదు. తండ్రి దిష్టి తగిలి పోయాడు. ఆ దిష్టి సరిగ్గా కుడికాలి పిక్క మీద తగిలి, కాలు గుమ్మడికాయంత అయింది. కాబట్టి పైన చెప్పిన గొప్పను కొంచెం సర్దుకోవాలి. ఆ ఇంటి మగవాళ్లకు రోగాలూ వచ్చాయి, చావులూ వచ్చాయి. ఆ రెంటికీ చుట్టరికం ఉందని ఒప్పుకున్నవాడే లేడు.

తండ్రిది నారి కురుపు. ఆ రోజుల్లో దిగుడు బావుల నీళ్లు తాగేవాళ్లకు, ఏడాది తిరిగేసరికి, ఒంట్లో ఎక్కడో ఒక బొబ్బ లేచి పగిలి, అందులోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెట్టేది. దాన్నే నారి అనేవారు. ఆ తలను చీపురుపుల్లకు చుట్టి, రోజుకొక మలుపు తిప్పుతూ, పసిపిల్లకు జడ వేసినంత ఓపికగా తీయాలి. తొందరపడి గుంజితే తెగుతుంది. తెగితే లోపల మిగిలిన ముక్క విషమై మనిషిని తీసుకుపోతుంది. లింగం తండ్రి చేలో ఒక్కడే ఉన్నప్పుడు గుంజాడు. తెగింది. కాలికి బట్ట చుట్టుకొని, ధోవతి కిందికి దించుకొని, ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు. అతని భార్య దుర్గవ్వ ఆ కాలిని చూసింది శవానికి నీళ్లు పోసేటప్పుడే.

"నాకన్న చెప్పకపోతివి" అన్నది ఆమె, ఏడుపు ఆపి.

అప్పటికి లింగానికి మీసాలు మొలుస్తున్నాయి. నీళ్ల కడవ పట్టుకొని పక్కనే ఉన్నాడు. తల్లి మాట విన్నాడు గాని దాని బాధ చెవికెక్కలేదు. బాపు ఎంత గట్టోడు, ఎంత ఇజ్జత్‌తో పోయాడు అనుకున్నాడు.

ఇంట్లో మగవాళ్లు అట్లా పోతుంటే ఆడవాళ్లు మిగిలిపోయారు. ఒక్క ఆ ఇల్లే కాదు, వాడకట్టంతా అంతే. పొద్దు వాలేసరికి అరుగుల మీద ముసలవ్వలు పిచ్చుకల్లా బారులు తీరేవాళ్లు. వాళ్ల మధ్య ఒక ముసలాయన కనబడితే ఎవరింటికో చుట్టం వచ్చాడని అర్థం. మగవాళ్లు కచేరి గోడ పక్కన చేరినప్పుడల్లా ఇదే పంచాయతీ. కుండ అడుగున మాడు తింటారు కాబట్టి ఆడవాళ్లు గట్టిపడతారని ఒకడు, నీడన ఉంటారు కాబట్టి వాడిపోరని ఒకడు.

"అదేం కాదు" అనేవాడు లింగం. "యముని దున్నపోతు వంటింట్లకు పట్టది. అందుకే బయట దొరికిన మొగోన్ని ఎక్కించుకొని పోతది."

దుర్గవ్వకు మాత్రం మోకాలు పట్టేస్తే చాలు, ఆ సంగతి వాడ చివరిదాకా తెలిసేది. "నా మోకాలు సచ్చిందే తల్లీ!" అని ఆమె అరుగెక్కి ఒక్క కేక పెడితే, ఒక ఇంటినుంచి నూనె, ఒక ఇంటినుంచి వావిలాకు, ఇంకో ఇంటినుంచి కాలు పిసికే కోడలు వచ్చేవి. లింగానికి అది చూస్తే తల కొట్టేసినట్టుండేది.

"ఊరంత చాటింపు ఎందుకే అవ్వా?"

"కాలు నాది, నోరు నాది. నీకేందిరా నొప్పి?" అనేది ఆమె.

లింగం ఊరి పంతులు బడిలో కొన్నాళ్లు చదివాడు. ఎన్నాళ్లని అడగవద్దు. ఆ చదువులో అతనికి గట్టిగా పట్టుబడ్డ మాట ఒకటి ఉంది: నారి అంటే ఆడది. ఆ ఒక్క మాటతో అతను వైద్యశాస్త్రాన్ని తిరగరాశాడు.

"నారి అంటే ఏంది? ఆడిది. మరి నారి కురుపు ఎవలకు రావాలె? ఆడోళ్లకు. మొగోనికి లేసిందంటే వాడు సగం ఆడిదన్నట్టు" అనేవాడు. మీ నాయన సంగతేమిటని ఎవరూ అడగలేదు. తండ్రిది దిష్టి కదా.

ఒక ఎండాకాలం లింగం భార్య గౌరవ్వకు అన్న అయిన బాలయ్యకు నారి లేచింది. బాలయ్యది కామారెడ్డి. లింగం బెల్లం బండి కట్టుకొని ఆ ఊరి అంగడికి పోయినప్పుడల్లా దిగేది అతనింట్లోనే. ఆసారి పోయేసరికి బాలయ్య నులకమంచం మీద కాలు చాపుకొని ఉన్నాడు. అతని భార్య భూమక్క మడమ దగ్గర కూర్చొని పుల్ల తిప్పుతోంది.

"ఏం బావా, ఎన్నో నెల?" అన్నాడు లింగం గడపలోంచే.

"నవ్వు బావా, నవ్వు. సూదులు దించినట్టున్నది. అయ్యో, భూమీ, జెర మెల్లగనే!"

లింగం అంగడికి పోయి ఎర్రగాజులు కొనుక్కొచ్చి, పదిమంది చూస్తుండగా మంచం కోడుకు తగిలించాడు. "నారి పట్టినోనికి నగలు లేకుంటె ఎట్ల?" అన్నాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. బాలయ్య కూడా నవ్వాడు గాని ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. భూమక్క మాత్రం గాజులు తీసి తన చేతికి తొడుక్కొని, వెలుతురుకు పెట్టి చూసుకుంది.

"మంచిగున్నయి లింగం. మీ బావ ఉన్నన్ని రోజులు తొడుక్కుంట" అని, మళ్లీ పుల్ల అందుకుంది.

ఆ మాటలో ఏముందో లింగానికి తెలియలేదు. నవ్వుకుంటూ బండి తోలుకొని ఇల్లు చేరాడు. బాలయ్య నెల తిరిగేసరికి లేచి నడిచాడు.

మరుసటి ఏడు, శివరాత్రికి కొద్దిరోజుల ముందు లింగానికి ఒక బొబ్బ లేచింది. ఎక్కడంటే, మర్యాదస్తులు చదివే కథ కాబట్టి, మనిషి పీటకు ఆనించే చోట అని చెప్పి ఊరుకుందాం. సెగగడ్డ అనుకున్నాడు. చెరువులో స్నానం చేస్తుంటే మంట కొంచెం చల్లారినట్టయి, చెయ్యి అటు పోయింది. వేలికి సన్నటి దారం తగిలింది. దారం కదిలింది.

నడుంలోతు నీళ్లలో అట్లాగే నిలబడిపోయాడు లింగం. మొదట గుర్తొచ్చింది తండ్రి కాలు కాదు, బాలయ్య మంచం కోడుకు వేలాడిన ఎర్రగాజులు.

చూద్దామంటే కన్ను పోదు. చుడదామంటే చెయ్యి సరిగా అందదు. ఇంకొకరి చేత తీయించుకుందామంటే ఆ ఇంకొకరి ముందు ధోవతి ఎత్తి బోర్లా పడుకోవాలి. ఊరంతా తిప్పి తిప్పి చెప్పిన మాట తన వెనకనుంచే బయటికి వస్తోంది. ఒక గుడ్డ మడతపెట్టి కట్టుకొని, ఎవరితోనూ చెప్పకుండా బెల్లం బండి కట్టాడు. కామారెడ్డి బాట పొడుగునా నిలబడే తోలాడు. ఎదురొచ్చినవాళ్లు ఎవరో పెద్ద సర్కారు మనిషి జులూసు వస్తోందనుకొని దారి పక్కకు దిగి సలాములు పెట్టారు.

బాలయ్య ఇంట్లో మంచం వాల్చి ఉంది.

"కూసో బావా."

"వద్దు."

"గంత దూరంకెళ్లి వచ్చినవ్. కూసో."

"నిలబడితేనే మంచిగున్నది."

భూమక్క పీట వేసి అన్నం పెట్టింది. లింగం కంచం చేతిలోకి తీసుకొని గోడ దగ్గరకు పోయాడు.

"నిలబడి గుర్రం తింటది. నీకేమైంది?" అన్నాడు బాలయ్య. చూస్తూ చూస్తూ అతని కళ్లు చిన్నవయ్యాయి. "ఏమన్న కురుపు లేసిందా బావా?"

కురుపు అన్న మాట వినగానే లింగం నోట్లో ముద్ద రాయి అయింది.

"కురుపు లేదు గిరుపు లేదు. మొక్కు!"

"మొక్కా? ఏ దేవునికి?"

"నిలువు మల్లన్నకు."

ఆ పేరుగల దేవుడు ఆ క్షణందాకా లేడు. లింగం నాలుక మీదే పుట్టాడు.

"ఎన్నడు ఇనలేదు. యాడుంటడు?"

"బిచ్కుంద అవతల. గుడి లేదు. ఎండకు వానకు నిలబడే ఉంటడు. మొక్కినోడు కూసోవద్దు. పండుకోవచ్చు. బోర్ల."

బిచ్కుంద దాటితే మాట్లాడేది మరాఠీ, కన్నడం. అక్కడ ఏ దేవుడు ఎట్లా నిలబడ్డాడో కామారెడ్డి నుంచి పోయి చూసివచ్చేవాడెవడు? బాలయ్య నమ్మాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"దేని గురించి మొక్కినవ్?"

లింగం తడుముకున్నాడు. పంట గురించి అంటే బెల్లం మంచి ధరకే పోయింది. సంతానం గురించి అంటే ఇద్దరు కొడుకులున్నారు. ఏదో ఒకటి నోటికి రావాలి. వచ్చింది.

"మా అవ్వ గురించి. అవ్వ పాణం మంచిగుండాలని."

బాలయ్య ముందు నవ్వాడు. "మీ అవ్వకేమైతది బావా? మీ ఇంట్ల మొక్కాలంటె మొగోళ్ల గురించి మొక్కాలె." అని అంటూనే అతని కళ్లు చెమర్చాయి. లేచి వచ్చి కంచంతో సహా లింగం రెండు చేతులూ పట్టుకున్నాడు. "పోయినేడు నిన్ను మనసుల శాన తిట్టుకున్న. తల్లి గురించి గింత కష్టపడేటోనివని తెల్వలే. తప్పయింది బావా."

లింగం ఎట్లాగో ఆ చేతులు విడిపించుకున్నాడు. గోడ వైపు తిరిగి మజ్జిగ తాగాడు.

ఎద్దులబండి కన్నా మోటారు బస్సు ముందు పోతుంది. బస్సు కన్నా మాట ముందు పోతుంది. బండి ఎల్లారెడ్డి చేరేసరికి వాడకట్టంతా బయట ఉంది. ఇంటి గడపలో దుర్గవ్వ ద్వారబంధం పట్టుకొని నిలబడి ఉంది. ఆ ఘడియలో ఆమె ఎప్పుడూ అరుగు మీద కూర్చొని ఉండేది.

"నా గురించి మొక్కినవటరా కొడుకా!"

"లోపటికి నడువు అవ్వా. కూసో."

"నువ్వు కూసున్ననాడు నేను కూసుంట. నా గురించి నా కొడుకు నిలబడితె నేనెట్ల కూసుంటరా? ఎన్నొద్దుల మొక్కు?"

ఉగాది దాకా అన్నాడు లింగం. అప్పటికి ఎట్లాగో ఆ దారం ఊడిపోతుందనుకున్నాడు. ఆ రాత్రి దుర్గవ్వ ధాన్యం గుమ్మికి ఆనుకొని నిలబడి జొన్న గట్క తిన్నది. తిన్నాక కొడుకు పడుకున్నట్టే బోర్లా పడుకుంది. చీకట్లో ఆమె ఊపిరి ఆడక అటూ ఇటూ కదలడం లింగానికి వినబడింది. చెప్తే ఒక్క మాట. దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు.

ఇక పేరు పెరిగింది. నిలువు లింగన్న అన్నారు. గడప ముందు కొబ్బరికాయలు పేర్చారు. పాలు చేపని బర్రెను తోలుకొచ్చి అతని చెయ్యి తగిలించి పోయారు. పరీక్షలో నిలబడాలని బడిపిల్లలు, కోర్టులో నిలబడాలని దావాలున్నవాళ్లు వచ్చారు. నస్రుల్లాబాద్ నుంచి ఒక రైతు లేవలేని ఎద్దును బండిలో వేసుకొచ్చాడు. లింగం దాని వైపు చూశాడు. ఎద్దు లేచి నిలబడింది. నాలుగో రోజు ఆ రైతే మళ్లీ వచ్చాడు, ఎద్దు ఇప్పుడు కూర్చోవడం లేదు, విరుగుడు చెప్పమని.

పొగడ్త ఒక్కొక్కటి వస్తుంటే లింగం మెడ ఒక్కొక్క అంగుళం కిందికి వంగేది. వినయం చూడండి అనేవారు చూసినవాళ్లు.

ధోవతులు ఉతికేది గౌరవ్వ. ఒకరోజు ఎర్రమరక పోని తడి ధోవతి భుజాన వేసుకొని పెరట్లోంచి నేరుగా కొట్టంలోకి వచ్చింది.

"గిది ఏ దేవుని కుంకుమయ్యా?"

లింగం ఎద్దుల గాటి వైపు చూశాడు.

"నారి కదా?"

"మెల్లగ మాట్లాడు."

"అవ్వకు చెప్పు. వాడకట్టుల సగం మందికి ఆమెనే తీసింది. ఆమె చేతుల తెగది."

"చెప్తె నా ఇజ్జత్ ఏం గావాలె? దేవుని పేరు మీద అబద్ధమాడిండంటరు."

"ఆడినవ్ కద!"

"నువ్వు గిట్ల చెప్పినవంటె బాయిల దుంకుత."

"దుంకు. బాయిల కూసునే పని లేదు, నిలబడే ఉండొచ్చు." ధోవతిని దులిపి దండెం మీద వేసింది గౌరవ్వ. పోతూ పోతూ తిరిగి చూసింది. "అవ్వ కాళ్లు చూసినవా?"

చూడలేదు. ఇన్ని రోజులూ తల్లి ముఖం వైపు చూడలేక చూపులు దించుకొనే తిరిగాడు. అయినా ఆ దించిన చూపులో కాళ్లు పడలేదు. సాయంత్రం చూశాడు. దుర్గవ్వ రోకలి ఊతగా పట్టుకొని వాకిట్లో నిలబడి ఉంది. చీలమండలు కనబడడం లేదు. పాదాలు కాల్చిన రొట్టెల్లా పొంగి ఉన్నాయి. వంగి వేలితో నొక్కాడు. గుంట పడింది. ఆ గుంట పూడలేదు.

"నొప్పి ఉన్నదా అవ్వా?"

"ఏం నొప్పి బిడ్డా? నువ్వు నిలబడ్డంక నాకేం నొప్పి?"

మోకాలు పడితే ఊరెత్తి చాటేది ఈమేనా? అరుగుల మీది ముసలవ్వలు నూనె కావాలా అని అడిగితే వద్దంటోంది. రాత్రి మూలుగు వస్తే కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఆ ఇంట్లో నొప్పిని దాచడం మగవాళ్ల పని. ఇప్పుడు ఆమె కూడా నేర్చుకుంది, కొడుకు దగ్గరే. తాత, పెదనాయన, బాపు పోయిన బాటకు ఆమెను తనే చెయ్యి పట్టి తోలుకొచ్చాడు.

రేపు పొద్దున చెప్పేస్తాను అనుకున్నాడు. పొద్దున కొబ్బరికాయలవాళ్లు వచ్చారు. మాపటికి చెప్పేస్తాను అనుకున్నాడు. మాపటికి తల్లి అతని నెత్తి మీద చెయ్యి పెట్టి, "నా కడుపు సల్లగయింది" అన్నది. ఆ చెయ్యి కింద ఎట్లా చెప్పాలి? ఇదిగో, ఈ పిరికితనానికి ఆ ఇంట్లో పేరు ఇజ్జత్.

ఉగాది వచ్చింది. బాలయ్య, భూమక్క కామారెడ్డి నుంచి బస్సులో వచ్చారు. మొక్కు తీరేది ఎట్లాగో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. పసుపు రాసిన కొత్త పీట వేసి, తల్లి చేత్తో కొడుకును కూర్చోబెట్టి, మొదటి ముద్ద తినిపించాలి. వాకిలి నిండింది. నస్రుల్లాబాద్ రైతు కూడా ఎద్దును తోలుకొనే వచ్చాడు.

"కూసో బిడ్డా" అన్నది దుర్గవ్వ.

లింగం పీట వైపు చూశాడు. గట్టి టేకు పీట. కూర్చుంటే ఏమవుతుందో అతనికి తెలుసు. బయటికి వచ్చిన నారి నలిగి తెగుతుంది. తెగితే లోపలి ముక్క మిగతా పని చేస్తుంది. బాపు ఓర్చుకోలేదా? ఒక్కసారి కూర్చొని, ముద్ద తిని లేస్తే పేరు నిలుస్తుంది. తర్వాత దిష్టి తగిలి పోయాడంటారు. పళ్లు బిగించి మోకాళ్లు వంచాడు.

ఎదురుగా దుర్గవ్వ కూడా మోకాళ్లు వంచింది. కొడుకు కూర్చున్నప్పుడే తనూ కూర్చోవాలని ఆమె పంతం. ద్వారబంధం పట్టుకొని కిందికి దిగబోయింది. నెల రోజులు నిలబడ్డ మోకాళ్లు వంగలేదు. ఆమె ముఖం నల్లబడింది. కింది పెదవి పళ్ల మధ్య పడింది. అబ్బా అనలేదు. కొడుకును చూసి నవ్వింది.

లింగం సగం వంగి ఆగిపోయాడు. అటు కూర్చోలేదు, ఇటు నిలబడలేదు.

"అవ్వా, మొక్కు లేదు."

"ఏంది బిడ్డా?"

"మొక్కు లేదవ్వా. మల్లన్న లేడు. నాకు నారి లేసింది. కూసునే కాడ."

వాకిట్లో ఉగాది పచ్చడి మీద ఈగలు ముసిరే చప్పుడు కూడా వినబడింది. తర్వాత ఎక్కడో ఒక ఆడపిల్ల కిసుక్కుమంది. ఆ నవ్వు అంటుకొని గోడ మీదున్నవాళ్ల దాకా పాకింది.

"మరి నా ఎద్దో?" అని అరిచాడు నస్రుల్లాబాద్ రైతు.

లింగం బాలయ్య వైపు చూశాడు. ఇక ఆ నోటి నుంచి ఏది వచ్చినా పడాలి. గాజులన్నా పడాలి, చీరన్నా పడాలి. పడితేనే కొంచెం తేలికవుతుంది. బాలయ్య లేచాడు. భుజం మీది తువ్వాల తీసి, ఈగలను తోలినట్టు జనం మీద విసిరాడు.

"నడువుండ్రి, నడువుండ్రి. పచ్చడి బయట పోస్తం. అరే, కొట్టానికెళ్లి నడువుండ్రి." ఆఖరివాడిని దాటించి, తనూ బయటికి పోయి, తలుపు దగ్గరికి వేశాడు. లింగం ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

భూమక్క, గౌరవ్వ చెరో రెక్క పట్టుకొని దుర్గవ్వను మెల్లగా పీట మీద కూర్చోబెట్టారు. పసుపు పీట మీద చివరకు కూర్చున్నది ఆమే. కాసేపు ఊపిరి పీల్చుకుంది.

"బోర్ల పండు" అన్నది కొడుకుతో. తర్వాత కోడలితో, "చీపురుపుల్ల తే" అన్నది.

ఆ నారి పొడుగు చెప్తే నమ్మరు. కామారెడ్డి స్టేషన్‌లో పట్టాల పక్కన పరిచి ఉంటే రైలు దాన్ని దాటడానికి ఒక కూత ఎక్కువ వేసేది. సరే, రెండు మూరలు. రోజూ పొద్దున్నే దుర్గవ్వ చల్లటి నీళ్ల గుడ్డ వేసి, పుల్ల ఒక మలుపు తిప్పి, దారంతో కట్టేది. నేలకు ముఖం ఆనించి పడుకున్న లింగానికి తల్లి పాదాలు తప్ప ఇంకేమీ కనబడేవి కావు. వాటి వాపు తగ్గడం రోజూ చూశాడు. చీలమండలు మొదట నీడల్లా వచ్చాయి, తర్వాత ఎముకల్లా వచ్చాయి. అతని నొప్పి కూడా అంతే మెల్లగా పోయింది గాని, దాన్ని అతను పట్టించుకోలేదు.

నారి మొత్తం వచ్చిన రోజున, ముఖం ఎత్తకుండానే అడిగాడు. "అవ్వా, మీరు గిన్నేండ్లు ఎట్ల బతుకుతరే? మేమెందుకు జల్ది పోతం?"

దుర్గవ్వ చేతులు కడుక్కుంటూ అన్నది: "మాకు నొప్పి లేస్తె వాడంత లొల్లి అయితది బిడ్డా. గా లొల్లికి యముడు గడప దాక వచ్చి, ఇంట్ల మంది శానున్నరని ఎన్కకు మర్రుతడు. మీరు సప్పుడు చెయ్యకుంట పంటరు. ఇంట్ల ఎవలు లేరనుకొని లోపటికి వస్తడు."

గౌరవ్వ నవ్వింది. లింగం కూడా, కళ్లలో నీళ్లతోనే, నేలకేసి నవ్వాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా వినేవాళ్లు ఇక్కడే లేచి, పంచె దులుపుకొని, ఎద్దు సంగతి మాత్రం కల్పన అని నవ్వుకుంటూ పోతారు. ఎద్దు నిజం. కల్పించింది దుర్గవ్వ నోట పెట్టిన ఆ మాట. వినేవాళ్లు బరువుతో ఇంటికి పోకూడదని చేర్చింది అది. ఆమె ఏమీ అనలేదు. బోర్ల పండు అన్న మాట తర్వాత, నారి వచ్చేదాకా, వచ్చాక కూడా, కొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నారిని పొయ్యిలో వేసింది. చేతులు కడుక్కుంది. బయటికి పోయి అరుగు మీద కూర్చొని, నెలకు పైగా దాచిన గొంతుతో కేక పెట్టింది.

"నా మోకాళ్లు సచ్చినయే తల్లీ! ఎవలన్న జెర నూనె తేండ్రి!"

లింగం బోర్లా ఉన్నవాడు లేచి, లోపలి నుంచి నూనె గిన్నె తెచ్చాడు. దుర్గవ్వ గిన్నె అందుకుంది. దాన్ని గౌరవ్వ చేతికిచ్చి, కాళ్లు కోడలి వైపు తిప్పుకుంది.